డొల్ల గుర్తు

ముకుసు చెట్టు దగ్గరికి బయల్దేరే రోజు నాకు కోడి కూయకముందే మెలకువ వచ్చేసింది. యాభై రెండేళ్ల దాన్ని, ఇద్దరు మనవల్ని ఎత్తుకున్నదాన్ని, నాకింత సంబరమేమిటని సిగ్గేసింది కూడా. అయినా కాలు నిలవలేదు. మా ఊరి కాలవకి నీళ్ల వంతులు చూసేదాన్ని నేను. ఏ అరటితోటకి ఏ పూట నీళ్లు మళ్లాలో చెప్పేది నేనే, వంతు తప్పి గండి కొట్టుకున్నవాడి గుమ్మం ముందు నిలబడి నోరు చేసుకునేదీ నేనే. పదకొండేళ్లుగా ఆ నీళ్ల కోసం ఊరందరితో తగువు పడుతున్నాను గాని అవి ఎక్కడ పుడతాయో ఒక్కసారీ చూడలేదు. పై అడవిలో, పెద్ద ముకుసు చెట్టు వేళ్ల కింద అని చిన్నప్పట్నుంచీ వినడమే. మా ఆడవాళ్లకి అడవంటే అంచున గడ్డి కోసుకోవడం, ఎండుపుల్లలు ఏరుకోవడం, అంతవరకే.

ఆ సంబరానికి తోడు ఒక గుబులు. అది మా నాన్న పెట్టింది.

రెండు రోజుల ముందు నేను కాలవ గట్టు మీద తూము తీస్తుంటే నాన్న వచ్చి రాతి మీద కూర్చుని, హైకా, నీకో సంగతి చెప్పాలి, తిట్టకుండా విను అన్నాడు. తిట్టకుండా వినడం నాకు చేతకాదని ఆయనకి తెలుసు. అయినా చెప్పాడు.

నాన్న పేరు ఎలినామి. డెబ్భై ఏడేళ్లు. పడుచు వయసులో ఆయనా, మా పక్క తోట కిలియో పెదనాన్నా కలిసి ఈ కొండ మీద చెట్లు కోసేవాళ్లు. నిలువెత్తు గొయ్యి తవ్వి, దాని మీద అడ్డంగా దుంగని పెట్టి, ఒకడు దుంగ పైన, ఒకడు గొయ్యిలో నిలబడి పొడుగాటి రంపం లాగేవాళ్లు. పైవాడు గీత తప్పకుండా రంపాన్ని నడుపుతాడు, పేరు అతనిది. కిందివాడు రంపపు పొట్టు తింటాడు. కిలియో పెదనాన్న పైవాడు, మా నాన్న కిందివాడు. పైగా పెదనాన్న చెవికి ఈ కొండంతా పేరుండేది. చెట్టు నరికే ముందు గొడ్డలి తిరగేసి మొద్దు మీద కొట్టి, లోపల చేవ ఉందో డొల్లో విని చెప్పేసేవాడు. డొల్ల చెట్టుకి ఒక గుర్తు పెట్టేవాళ్లు, అడ్డంగా రెండు గాట్లు, వాటి కింద ఒక గుండ్రం. ఆ గుర్తు కనబడితే ఏ రంపమూ ఆ చెట్టు జోలికి పోయేది కాదు.

నలభై ఆరేళ్ల కిందట ఒక శనివారం పెదనాన్న ఆ పెద్ద ముకుసు చెట్టుని కొట్టి చూసి, ఇంత చేవ ఉన్న చెట్టు ఈ కొండ మీదే లేదన్నాడు. గుత్తేదారు సోమవారం నరకడానికి ఎనిమిది మందిని పిలిపించాడు. ఆదివారం మధ్యాహ్నం మా నాన్న ఒక్కడూ లోయలోకి దిగి ఆ చెట్టుకి డొల్ల గుర్తు పెట్టేశాడు. సోమవారం పెదనాన్న కూతురి బాప్తిస్మం ఉండి ఊళ్లోనే ఆగిపోయాడు. గుత్తేదారు గుర్తు చూసి ఇదేమిటంటే, నాన్న గొడ్డలి తీసుకుని చెట్టు మొదట్లో గోడల్లా లేచిన వేరురెక్క మీద కొట్టి వినిపించాడు. రెక్క మీద కొడితే ఎంత గట్టి చెట్టయినా డప్పులాగే మోగుతుంది. గుత్తేదారుకి ఆ సంగతి తెలీదు. మంగళవారం పెదనాన్న వచ్చేసరికి గుత్తేదారు అతని చేతిలో గొడ్డలి లాక్కుని, అందరి ముందూ 'చెక్క చెవి' అని పేరు పెట్టి, గొయ్యిలోకి దించాడు. దుంగ మీదికి మా నాన్నని ఎక్కించాడు. నువ్వు స్వయంగా విన్నావా అని పెదనాన్న అడిగాడట. విన్నాను, డొల్లేనని నాన్న చెప్పాడట. పెదనాన్న మళ్లీ వెళ్లి ఆ చెట్టుని కొట్టి చూడలేదు. స్నేహితుడి మాట నమ్మి తన చెవిని నమ్మడం మానేశాడు.

"ఎందుకు చేశావు?" అన్నాను. నా చేతిలో పార ఉంది, దాన్ని చూసి నాన్న కొంచెం జరిగాడు.

చెట్టు పడితే కింద ఊట పూడిపోతుందని, కాలవ ఎండిపోతుందని, మనూళ్లో ఒక్క అరటిచెట్టు మిగలదని అన్నాడు. గుత్తేదారుతో చెబితే వినే రకం కాదు. కిలియోతో చెబుదామంటే వాడికి అబద్ధం నోట రాదు, మొహం మీదే దొరికిపోతాడు. ఇప్పుడెందుకు చెప్తున్నావంటే, వచ్చే వారం విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి పెద్ద చెట్లన్నిటికీ పెన్సిలంత బెజ్జం పెట్టి లోపలి చెక్క తీసి చూస్తారట, ఆ మాట అడవి కాపలా జస్టా చెప్పగానే కిలియో వాళ్లకంటే ముందు నేనే కొట్టి చూస్తానని పట్టుబట్టాడు, వాడు వినకముందే నేను చెప్పాలి అన్నాడు. జేబులోంచి ముడి వేసిన ఇసాలె ఆకు తీసి చూపించాడు, మా తోటల హద్దుల్లో పెరిగే పొడుగాటి ఆకు అది. ముడి వేసిన ఇసాలె ఆకు చేతికిస్తే ఎంతటి పగవాడైనా కాదనకూడదు, మావాళ్లలో అది అంతే. కాని ఆకు ఇవ్వాలంటే ముందు తప్పు నోటితో ఒప్పుకోవాలి. అక్కడే మా నాన్న ప్రాణం పోతోంది.

నాన్నని తిట్టాను గాని పూర్తిగా తిట్టలేకపోయాను. ఎందుకంటే నాకు ఎనిమిదేళ్లప్పుడు 'చెక్క చెవి పెదనాన్నా, చెట్టేమంటోంది' అని పాట కట్టి, పిల్లలందరినీ పోగేసి ఆయన గుమ్మం ముందు పాడించింది నేనే.

అడవి కాపలా జస్టా నాతో బళ్లో చదువుకున్న మనిషి. గుమ్మంలో పట్టదు, కొండ ఎక్కడంలో మాత్రం ఆమెని మించినవాళ్లు లేరు. అడవి గేటు దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి సంచులు తడిమింది. నా సంచిలో ఉడకబెట్టిన అరటికాయలు, గుడ్లు, ఫ్లాస్కులో టీ. పెదనాన్న సంచిలో గుడ్డ చుట్టిన గొడ్డలి. అడవిలోకి గొడ్డలి తెస్తే నిన్నే పట్టుకెళ్లి లోపలేస్తాను పెదనాన్నా అంది జస్టా. ఆయన ఒక్క నవ్వు నవ్వి ముందుకు నడిచిపోయాడు. చివరికి పదునువైపు గుడ్డ విప్పకూడదని ఒప్పందం మీద వదిలింది.

ఆ ముసలాళ్లిద్దరి నడక చూస్తే నాకు ముచ్చటేసింది. పెదనాన్న డెబ్భై ఎనిమిదేళ్ల వాడు, పాత తోలు టోపీ, రబ్బరు బూట్లు, ముందు నడుస్తున్నాడు. మా నాన్న వెనకాల రొప్పుతూ, ఒరే కిలియో, నీ మోకాళ్ల చప్పుడుకి కోతులన్నీ పారిపోతున్నాయి, మెల్లగా నడువు అని ఎకసెక్కం. పెదనాన్న తిరిగి చూడలేదు, మాట్లాడలేదు. గర్వమనుకున్నాను. నిజంగానే నల్ల తెల్ల కోతులు కొమ్మల మీదినుంచి మమ్మల్ని చూసి గుర్రుమని అరిచాయి. జస్టా అదే గొంతుతో బదులు అరిచింది. పొట్ట పట్టుకుని నవ్వాను.

అడవి లోపలికి పోయేకొద్దీ నా వయసు తగ్గుతూ వచ్చింది. ప్రతి చెట్టునీ చేత్తో తట్టకుండా ఉండలేకపోయాను. నాచు పట్టిన మొద్దులు తడి గొర్రెబొచ్చులాగా మెత్తగా తగిలాయి. తలెత్తితే ఆకుల మధ్య ఎర్ర రెక్కల పక్షి ఒకటి చెట్టు నుంచి చెట్టుకి దూకింది. ఇవేనా పెద్ద చెట్లు అని అడిగితే, ఇవి పిల్లకాయలే, పద అంది జస్టా. ఆ పిల్లకాయల్లో ఒకదాని వెనక మేం నలుగురం దాక్కుంటే ఎవరికీ కనబడం. రెండో వాగు మీద కూలిన కర్పూరం చెట్టే వంతెన. దాని మీద నడుస్తూ మా నాన్న జారి నడుం దాకా బురదలో దిగబడ్డాడు. పెదనాన్న చెయ్యందించి పైకి లాగి, 'నువ్వు ఎప్పుడూ కిందివాడివేరా' అన్నాడు. మామూలప్పుడైతే మా నాన్న దీనికి పది మాటలు అనేవాడు. ఇవాళ మొహం వేళ్లాడేశాడు.

దారి పొడుగునా నేను నాన్నని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. చెప్పు, ఇప్పుడు చెప్పు అని. ఆయన కాసేపు ఊపిరి అందనీ అంటాడు, ఇంకాసేపు కాలికి ముల్లు గుచ్చుకుందంటాడు, జస్టా వింటుందంటాడు. చెట్టుని కొట్టినాక చెబితే అది ఒప్పుకోలు కాదు, దొరికిపోవడం.

టీ తాగడానికి ఒక పడిపోయిన మొద్దు దగ్గర ఆగాం. నేను కావాలనే జస్టాని పక్కకి తీసుకుపోయి, ఆ పుట్టగొడుగులు తినచ్చా లేదా అని పనికిమాలిన ప్రశ్నలన్నీ అడిగాను. అక్కడినుంచే ఓరకంట చూస్తున్నాను. మా నాన్న మొద్దు మీద పెదనాన్న పక్కన కూర్చున్నాడు. తల వంచుకుని, నేల చూస్తూ, పెదవులు కదుపుతూ చాలాసేపు మాట్లాడాడు. పెదనాన్న గుడ్డు పెంకు వలుచుకుంటూ చెట్ల వైపు చూస్తున్నాడు. నాన్న మాట ఆగింది. చెయ్యి జేబు మీదికి పోయింది. పెదనాన్న గుడ్డు రెండు ముక్కలు చేసి ఒక ముక్క నాన్నకి పెట్టి లేచిపోయాడు.

నాన్న నా దగ్గరికొచ్చాడు.

"చెప్పేశానే హైకా. అంతా చెప్పాను. వాడు ఒక్క మాట మాట్లాడలేదు."

"ఆకు ఇచ్చావా?"

"ఎలా ఇస్తాను? తల కూడా తిప్పలేదు. అలా ఊరుకున్నవాడి చేతిలో ఆకు పెట్టే ధైర్యం నాకు లేదు."

అక్కణ్ణుంచి మా నడక చూడాలి. ముందు పెదనాన్న హుషారుగా, ఇది మేం కోసిన చోటు, ఇదిగో గొయ్యి, ఇప్పుడు ఎంత ఫెర్న్ మొలిచిందో చూడండి అంటూ చేతులు తిప్పుకుంటూ పోతున్నాడు. వెనక నేనూ నాన్నా ప్రతి మాటకీ ఉలిక్కిపడుతున్నాం. ఈయన ఇంత మామూలుగా ఉన్నాడంటే లోపల ఏం ఉడుకుతోందోనని నాకు భయం. చెట్టు దగ్గర అందరి ముందూ మా నాన్నని కడిగేద్దామని దాచిపెట్టుకున్నాడేమో అనుకున్నాను. గొడ్డలి ఆయన సంచిలోనే ఉందన్న సంగతి కూడా గుర్తొచ్చింది, గుర్తొచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

లోయలోకి ఆఖరి దిగుడు వేళ్లు పట్టుకుని దిగాలి. మంచు కమ్మింది. జస్టా ఆగి, తలెత్తకండి, నేను చెప్పేదాకా ఎత్తకండి అంది. నేలనే చూస్తూ పది అడుగులు వేశాను. కాలి కింద మన్ను మెత్తబడింది, నీటి గలగల వినిపించింది. ఇప్పుడు చూడండి అంది.

చూశాను. నోట మాట రాలేదు, అది నాకు జీవితంలో అరుదు. ఎదురుగా గోడ. ఆ గోడ వంపు తిరిగి పోతూనే ఉంది. దాని చుట్టూ తిరిగి రావడానికి నాకు ముప్ఫై ఏడు అడుగులు పట్టాయి, వేరురెక్కలు దాటుకుంటూ. జస్టా ఆ రెక్కల మధ్య నిలబడితే చిన్నపిల్లలా ఉంది, ఈ మాట ఆమెతో అంటే మురిసిపోయింది. మొద్దు నిటారుగా లేచి, ఒక్క కొమ్మ లేకుండా మిగతా చెట్ల తలలన్నీ దాటిపోయి, మంచులో కలిసిపోయింది. మంచు కదిలినప్పుడు ఎక్కడో పైన, నేను చెట్టు అయిపోయిందనుకున్న చోటికి ఇంకా చాలా పైన, కొమ్మలు కనబడ్డాయి. వెనక్కి వంగి వంగి చూసి వెల్లకిలా పడిపోయాను. పడినదాన్ని లేవలేదు, అక్కడే పడుకుని నవ్వుతూ చూశాను. నా చెవి పక్కనే రెండు వేళ్ల సందులోంచి నీళ్లు ఉబికి వస్తున్నాయి. మా కాలవ. పదకొండేళ్ల నా తగువులన్నీ అక్కణ్ణుంచి బొట్టు బొట్టుగా బయల్దేరుతున్నాయి. రెండు చేతులా ముంచుకుని తాగాను. చెప్పుకోలేనంత సంతోషమేసింది.

లేచేసరికి అందరూ మొద్దు ముందు నిలబడి ఉన్నారు. మొద్దు మీద ఛాతీ ఎత్తున గుర్తు ఉంది. నలభై ఆరేళ్లలో చెట్టు లావెక్కి, గాట్లు పక్కలకి సాగిపోయి, గుండ్రం పెద్ద నోరులాగా తెరుచుకుంది. పెదనాన్న దాన్ని వేళ్లతో తడిమాడు. టోపీ తీశాడు. గుడ్డ చుట్టిన గొడ్డలి తిరగేసి పట్టుకుని, రెక్కల మధ్యకి దూరి, అసలు మొద్దు మీద కొట్టాడు.

ఆ చప్పుడు నా అరికాళ్లకి తగిలింది. బరువుగా, మెత్తగా, కొసరు మోత లేకుండా, నిండు గాదె మీద చరిచినట్టు. చెట్ల సంగతి తెలియని నాకే అర్థమైంది. మా నాన్న కళ్లు మూసుకున్నాడు.

పెదనాన్న మళ్లీ కొట్టాడు. చెవి మొద్దుకి ఆనించి కొట్టాడు. రెండో చెవి ఆనించి కొట్టాడు. ఆయన మొహంలో వెలుగు ఒక్కొక్క దెబ్బకీ తగ్గిపోయింది. గొడ్డలి దించి మా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు.

"ఏమీ రావట్లేదు," అన్నాడు. "మూడేళ్లయింది నా చెవులు పోయి. మా ముసలిదానికి తప్ప ఎవరికీ తెలీదు. పెదవులు చూసి బతుకు లాక్కొస్తున్నాను. ఈ చెట్టు మాట ఒక్కటీ వినబడుతుందనుకున్నాను."

నాన్న నేల చూస్తూ చెప్పిందంతా ఆయనకి చేరనే లేదు. నాన్న వైపు చూశాను. ఆయనకీ తెలిసిపోయింది.

పెదనాన్న గొడ్డలి నాన్న చేతిలో పెట్టాడు. "నువ్వు విని చెప్పరా ఎలినామీ. అప్పుడూ నీ మాటే నమ్మాను. ఇప్పుడూ నీ మాటే."

నాన్న కొట్టాడు. ఒక్కసారే. పెదనాన్న కళ్లు మా నాన్న పెదవుల మీదే ఉన్నాయి.

"చేవ ఉంది," అన్నాడు నాన్న. "నిండుగా ఉంది."

పెదనాన్న మొహం విప్పారింది. తర్వాత నుదురు ముడిపడింది. "అయితే అప్పుడు నువ్వు పొరబడ్డావా?"

ఔనంటే చాలు. అందరూ పొరబడతారు. పెదనాన్న పరువు ఆయనకి దక్కేది, నాన్న పరువు నాన్నకి మిగిలేది, ఇద్దరూ నవ్వుకుంటూ కొండ దిగేవాళ్లు. అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే, నేను కన్నతండ్రిని బయటపెట్టను. ఆ మాట అనేసి బయటపడు నాన్నా అని ఒక్క క్షణం మనసులో అనుకున్నాను కూడా, దాచడమెందుకు. నాన్న నా వైపు చూశాడు. జేబులోంచి ఆకు తీశాడు. ఉదయంనుంచి చెమటకి తడిసి, బురదకి నల్లబడి ఉంది. ముడి మాత్రం విడలేదు.

"పొరబడలేదు. అబద్ధమాడాను," అన్నాడు గొంతులోనే, తల వంచుకుని.

"తలెత్తి చెప్పు. గట్టిగా చెప్పు. నాకు అందలేదు."

మా నాన్న తలెత్తాడు. ఊపిరి పీల్చి అరిచాడు. అబద్ధమాడానురా, చెట్టు చేవగానే ఉంది, గుర్తు పెట్టింది నేనే, రెక్క మీద కొట్టి గుత్తేదారుని మోసం చేసింది నేనే, నీ చెవి ఎన్నడూ తప్పలేదు అని అరిచాడు. లోయంతా మోగింది. పైన కోతులు ఒక్కసారిగా గుర్రుమన్నాయి.

పెదనాన్న ఆకు వైపు చూశాడు. కాదనడానికి వీల్లేదు, అయినా చెయ్యి రావడానికి టైము పట్టింది. చివరికి తీసుకున్నాడు.

"ఊట కోసమేనా?"

నాన్న తలూపాడు. నువ్వు అబద్ధం ఆడలేవని నీకు చెప్పలేదన్నాడు.

"అడిగి చూశావా?"

"లేదు."

"ఈ నీళ్లు నా తోటకి కూడా వస్తాయి కదరా. ఒక్కసారి అడిగి చూడాల్సింది." ఆయన ఊట వైపు చూశాడు. "సరే, చెట్టు సంగతి పోనీ. చెట్టుని బతికించావు. మరి వాళ్లతో కలిసి నన్ను చూసి నవ్వావెందుకు?"

ఈ ప్రశ్న మా నాన్న ఊహించలేదు. నేనూ ఊహించలేదు. మొదట్లో నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వాను, తర్వాత అలవాటైపోయింది అన్నాడు. నాకు అక్కడ నిలబడటం చేతకాలేదు. పెదనాన్న ఎదురుగా వెళ్లి, నా పెదవులు కనబడేలా నిలబడి, ఆ పాట కట్టింది నేనే పెదనాన్నా అన్నాను.

"తెలుసు," అన్నాడు. "గొంతు నీదే. అప్పట్లో నా చెవులు బాగానే ఉండేవి."

ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి నాకు. ఆయన మాత్రం నవ్వలేదు. గొడ్డలి లాక్కుని మళ్లీ చెట్టు దగ్గరికి పోయాడు. ఏం చేస్తాడోనని జస్టా రెండడుగులు ముందుకేసింది. ఆయన గొడ్డలి మొద్దువైపు చెట్టుకి గట్టిగా ఆనించి, పిడి కొసని పళ్ల మధ్య పెట్టుకుని కరిచి పట్టుకున్నాడు. పాతరోజుల్లో రంపం పళ్లు సరిగ్గా పదునెక్కాయో లేదో చూడటానికి రంపాన్ని అలాగే పళ్లతో పట్టి మీటేవాడని నాన్న తర్వాత చెప్పాడు. కొట్టమని నాన్నకి సైగ చేశాడు. నాన్న జస్టా నడుముకి వేలాడే పొడుగాటి కత్తి తీసుకుని, తిరగేసి, మొద్దు మీద కొట్టాడు.

పెదనాన్న ఒళ్లు జలదరించింది. కళ్లు పెద్దవయ్యాయి. పిడి వదలకుండానే మళ్లీ, మళ్లీ అని చెయ్యి ఊపాడు. నాన్న కొట్టాడు. పైకి జరిగి కొట్టాడు, పక్కకి జరిగి కొట్టాడు, పిచ్చిపట్టినవాడిలా చెట్టు చుట్టూ తిరుగుతూ కొట్టాడు. పెదనాన్న నోట్లో పిడితోనే ఊఁ, ఊఁ అంటున్నాడు, చొంగ కారుతోంది, కన్నీళ్లు కారుతున్నాయి. అప్పుడు పిడి వదిలి, లోయ అదిరేలా అరిచాడు.

"నిండుగా ఉంది! వినబడిందిరా, పళ్లలోంచి తలలోకి వినబడింది. నిండుగా ఉంది!"

నేనూ ఆ పిడి కరిచాను, జస్టా కూడా కరిచింది. ఆ చప్పుడు పళ్లలోంచి పుర్రెలోకి పోతుంది, చెప్తే నమ్మరు. మిగిలిన అరటికాయలన్నీ అక్కడే తినేశాం. పెదనాన్న మా నాన్న పక్కన కూర్చోలేదు, మొద్దుకి ఆ వైపున కూర్చున్నాడు. కాని వెళ్లేటప్పుడు ఊట నీళ్లు దోసిట్లో పట్టి ముందు నాన్నకే తాగించాడు.

బయల్దేరే ముందు టోపీ పెట్టుకుని, ఇసాలె ఆకుని టోపీ పట్టీలో అందరికీ కనబడేలా నిలువుగా గుచ్చుకున్నాడు. మా నాన్న అది చూసి నీళ్లు నమిలాడు. ముడి వేసిన ఆకుతో మనిషి ఊళ్లోకి వస్తే అడగనివాళ్లుండరు, ఎవరు తప్పు చేశారు, ఎవరు ఒప్పుకున్నారు అని.

అడవి గేటు దాటగానే మొదటి తోట మోనికాది. కంచె మీదినుంచి తల పెట్టి, ఎవరిచ్చారు బావగారూ ఆ ఆకు అంది. పెదనాన్న చెవి చూపించి, నాకు వినబడదమ్మా, వాణ్ణడుగు అని మా నాన్న వైపు చెయ్యి చూపించాడు. చెవులు పోయిన సంగతి ఇంతకాలం దాచినవాడు ఇప్పుడు దాన్ని కర్రలాగా వాడుకుంటున్నాడు. మా నాన్న చెప్పాడు. రెండో తోట దగ్గర చెప్పాడు. చర్చి మెట్ల దగ్గర చెప్పాడు. ప్రతి చోటా ముందు గొణుగుడు, పెదనాన్న తల అడ్డంగా ఊపడం, మళ్లీ గట్టిగా. నేను లెక్కపెట్టడం మానేశాను. కాళ్లు పీకుతున్నాయి గాని ఒక్క అడుగు కూడా వదులుకోబుద్ధి కాలేదు.

అరటి సారా కాచే ఫిలేమోను పాక దగ్గర సాయంత్రం పూట ఊరి మగవాళ్లంతా ఉంటారు. 'చెక్క చెవి' పేరు ఎక్కువగా మోగిన చోటు అదే. మేం వెళ్లేసరికి బెంచీల నిండా జనం, సొరకాయ బుర్రలు చేతులు మారుతున్నాయి. టోపీలో ఆకు చూడగానే అందరూ ఆగిపోయారు. పెదనాన్న ఎవరూ అడక్కముందే వెళ్లి మధ్య బెంచీ మీద కూర్చుని, గొడ్డలి ఒళ్లో పెట్టుకున్నాడు. మా నాన్న వాళ్లందరి ముందూ నిలబడ్డాడు. నేను వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను, పాట కట్టినదాన్ని నేను కూడా కదా.

నాన్న చెప్పాడు. ఈసారి గొణగలేదు, తల దించలేదు. శనివారం నుంచి మంగళవారం దాకా అంతా చెప్పాడు. నవ్విన సంగతి కూడా చెప్పాడు. చివర, కిలియో చెవిని మించిన చెవి ఈ కొండ మీద పుట్టలేదు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బెంచీల మీద కొందరు నేల చూశారు. ఫిలేమోను నిండు బుర్ర తెచ్చి పెదనాన్న చేతిలో పెట్టాడు.

పెదనాన్న తాగలేదు. మా నాన్న మొహం మీదనుంచి చూపు తిప్పకుండా చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పరా ఎలినామీ," అన్నాడు. "గట్టిగా. నాకు వినబడలేదు."